రెండు కొసల దారం

పెద్దాసుపత్రి నేలమాళిగలో పాత కేసు షీట్ల గది ఉండేది. రోజూ తొమ్మిదింటికి కట్టల బాబాయ్ తాళం తీసి, లైట్లు వేసి, ఈకల కుంచెతో దారాల మీద దుమ్ము దులిపేవాడు. ముప్ఫై ఏళ్ళుగా అదే వరస. ఒకే సంగతి చెప్పే రెండు కాగితాలు ఆ గదిలో ఏ మూలన ఉన్నా వాటి మధ్య సన్నగా ఒక దారం మొలిచేది. సంగతి గట్టిదైతే దారమూ లావెక్కేది. ఫైళ్ళ కోసం వచ్చే నర్సులు జడలు చిక్కుకోకుండా తలలు వంచుకుని నడిచేవాళ్ళు.

"బాబాయ్, మూడో బీరువా దగ్గర మరీ ఒత్తుగా పెరిగాయి. కాస్త పక్కకి కట్టకూడదూ?" అని విసుక్కునేవాళ్ళు.

"ఆ రెండూ ఏదో మాట్లాడుకుంటున్నాయమ్మా. మధ్యలో మనమెందుకు?" అనేవాడాయన.

అంత మాట అనేవాడే గాని, ఏ షీటూ చదివి ఎరగడు. రోగి గుట్టు డాక్టరుకి తెలిస్తే చాలని ఆయన పట్టుదల.

అలా ఉండగా, షీట్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలని ఆసుపత్రివాళ్ళు నిర్ణయించారు. డాక్టర్లు కాగితాలు తిరగేయాలి, పక్కన తమ మాట రాసుకోవాలి, ఒకదాన్ని ఇంకోదానికి ముడివేయాలి. ఇదంతా తెర మీద ఎలా ఉండాలో గీయడానికి ఒక అమ్మాయి వచ్చింది. వారం తిరక్కుండానే అందరికీ ఆమె స్క్రీనమ్మాయి అయిపోయింది.

మొదటిసారి గీసింది పట్టుకెళ్ళి గుండె డాక్టరమ్మకి చూపించింది. డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసి, రెండుమూడు చోట్ల నొక్కి చూసింది.

"ఇక్కడ నొక్కితే ఇంకో కాగితం వచ్చింది. బాగుంది. మరి ఇందాకటిది ఏ గంగలో కలిసింది?"

"వెనక్కి వెళ్ళడానికి బాణం గుర్తు ఉంది డాక్టరుగారూ."

"నాలుగు కాగితాలు దాటాక ఎన్ని బాణాలు నొక్కను? అయినా నేను వెతుక్కుంటూ వచ్చానని ఈ రెండో కాగితానికి తెలుసా? రేపు దీన్ని తెరిచినవాళ్ళకి మొదటిదాని సంగతి ఎవరు చెప్తారు?"

స్క్రీనమ్మాయి ముఖం వేలాడేసుకుని కిందకి దిగి, ఒక స్టూలు మీద కూలబడింది. బాబాయ్ ఒక దారం కొస ఆమె వేళ్ళ మధ్య పెట్టాడు.

"గట్టిగా పట్టుకోకు. జారనిస్తూ నడువు."

ఆమె నడిచింది. దారం బీరువాల మధ్య నుంచి తీసుకెళ్ళి ఒక పసుపుపచ్చటి షీటు దగ్గర ఆగింది. కాగితానికి కాదు, ఆరో వాక్యంలో ఒక్క మాటకి అంటుకుని ఉంది. కాగితం మీద గీత గాని, గాటు గాని పడలేదు. వెనక్కి తిరిగితే అదే దారం, బయల్దేరిన చోటికే తెచ్చింది. ఇటు లాగితే అటు కాగితం కదిలింది. అటు లాగితే ఇటుది.

"ఎటు నుంచైనా తెలుస్తోంది బాబాయ్!"

"దారమన్నాక రెండు కొసలుండవూ? ఒక్క కొసే ఉంటే అది తోక."

గీసిందంతా చెరిపేసి రెండు నెలలు మళ్ళీ గీసింది. మధ్యలో కాగితం. ఎడమ అంచున దీని దగ్గరికి వచ్చే దారాలు, కుడి అంచున దీని నుంచి వెళ్ళేవి. పాత అక్షరాన్ని ముట్టుకోకుండా పక్కన రాసుకునే చోటు, రాసినవాళ్ళ పేరు, తేదీ. దాటివచ్చిన కాగితాలన్నీ పైన వరసగా, మాయమైపోకుండా.

ఒక్కో షీటు తెర మీదకి ఎక్కుతుంటే దాని దారం గదిలోంచి జారి తెరలో తేలేది. ఆఖరి కట్ట అయ్యేసరికి గది బోసిపోయింది. "హమ్మయ్య, ఇక మెడ నొప్పులుండవు" అన్నారు నర్సులు. స్క్రీనమ్మాయి మాత్రం తెర ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయింది. వేలాది దారాలు, నిద్రలో ఉన్న మనిషి గుండెలా మెల్లగా లేస్తూ, పడుతూ ఉన్నాయి. ఎన్ని జీవితాలు, ఒకదాన్నొకటి ఎరక్కుండానే పట్టుకుని ఉన్నాయో!

తర్వాతి గురువారం బాబాయ్ కూతుర్ని ఆసుపత్రికి తెచ్చారు. ఆమె ఈత టీచరు. కొలనులో ఉన్నట్టుండి స్పృహ తప్పితే పిల్లలే ఒడ్డుకి లాగారట. ఇలా జరగడం రెండోసారి. వార్డుకి వచ్చేసరికి లేచి కూర్చుని నవ్వుతోంది.

"పొద్దున ఏం తినలేదు, అంతే. శనివారం సరస్సు ఈదాలి, నన్ను పంపించెయ్యండి."

చిన్న డాక్టరు నీరసమని రాసి, మర్నాడు ఇంటికి పొమ్మన్నాడు. మునుపైతే ఆ షీటు కిందకి చేరడానికి నెల పట్టేది. ఇప్పుడు వార్డు నర్సు అక్కడే టైపు చేసింది. ఆమె ఇంకా ముగించకముందే అంచున ఒక దారం మొలిచింది. చూస్తుండగానే చిటికెన వేలంత లావైంది.

నర్సు గుండె డాక్టరమ్మని పిలిచింది. ఆవిడ వెంట స్క్రీనమ్మాయి, కూతురి కోసం పరిగెత్తుకొచ్చిన బాబాయ్. డాక్టరమ్మ దారం నొక్కింది.

యాభై ఒక్క ఏళ్ళ కిందటి షీటు. "గుర్తు తెలియని స్త్రీ. నదిలో మునిగి మరణం. ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ." పక్కన ఎప్పటి డాక్టరో వెలిసిన సిరాతో రాశాడు: "భర్త వచ్చాడు. కావాలని దూకిందని జనం అంటున్నారట. ఆమె ఈతలో దిట్ట అని ఏడుస్తున్నాడు. ఆమె అన్న కూడా నీళ్ళలోనే పోయాడట. మునగకముందే గుండె ఆగిందా?" అక్కడి నుంచి ఇంకో దారం, ఆ అన్న షీటుకి. ఆమె పేరు మాత్రం ఎవరూ రాయలేదు.

మూడు కాగితాలూ పక్కపక్కనే నిలిచాయి. బాబాయ్ మంచం కమ్మీ పట్టుకున్నాడు.

"ఆ మచ్చ... నాకు పాలు కాస్తుంటే పడింది" అన్నాడు. "మా అమ్మ. నాకప్పుడు ఏడేళ్ళు. కన్నకొడుకుని వదిలేసి దూకిందన్నారు. నేనేం పాపం చేశానా అని..."

ముప్ఫై ఏళ్ళు ఆ కాగితాన్ని ఆయనే దులిపాడు.

డాక్టరమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "మీ అమ్మ దూకలేదు బాబాయ్. గుండె లయ తప్పింది. ఇది కుటుంబంలో వచ్చే జబ్బు. ఎక్కువగా ఈదేటప్పుడే పట్టుకుంటుంది." తర్వాత నర్సు వైపు తిరిగింది. "ఈ అమ్మాయికి ఇప్పుడే ఈసీజీ తియ్యి. బాబాయ్‌కి కూడా."

ఇద్దరి ఈసీజీ గీతల్లోనూ ఒకే తేడా. శనివారం ఆమె సరస్సులోకి దిగలేదు. "ఒడ్డు మీద నించునే ఈత టీచర్ని ఎక్కడైనా చూశారా?" అని రెండు రోజులు అందరి మీదా విరుచుకుపడింది. మూడో రోజు నుంచి తండ్రితో పాటు మాత్రలు వేసుకుంది. తర్వాత ఒడ్డు మీద ఈల పట్టుకుని నిలబడే ఎందరికో ఈత నేర్పింది.

ఆ వెంటనే వచ్చిన సోమవారం పొద్దున బాబాయ్ స్క్రీనమ్మాయి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మా అమ్మ షీటు పక్కన నేను కూడా రాయొచ్చా అమ్మా?"

ఆమె ఆ షీటు తెరిచి, రాసే చోటు చూపించింది. ఆయన ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ, ముందు తల్లి పేరు రాశాడు. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. తర్వాత దాని కింద ఇంకో వాక్యం చేర్చాడు.

"ఒక కొడుకు, ఒక మనవరాలు. ఇద్దరూ క్షేమం."