బెల్లం కొట్టిన రాళ్లు

సాయంత్రమయ్యేసరికి అంజుమ్ గొంతు బొంగురుపోతుంది. మణుగూరు అవతల, అడవి అంచు బడిలో తెలుగు చెప్పీ చెప్పీ ఆమె అలిసిపోయింది. అరిచేది తను, బెల్లం కొట్టిన రాళ్లలా కూర్చునేది పిల్లలు. ఇది చాలదన్నట్టు భాషా టీచర్లందరూ తమ క్లాసు మీద తామే పరిశోధన చేసి మీటింగులో చదవాలని పైనుంచి ఆర్డరొచ్చింది. మూలిగే నక్క మీద తాటిపండంటే ఇదే.

‘మా పిల్లలు ఎందుకు మాట్లాడరు?’ అని పేరు పెట్టుకుంది. జవాబూ ముందే సిద్ధం: ఇంట్లో కోయభాష, బళ్లో బెదురు. సాక్ష్యం సంగీత. ఐదో తరగతికొచ్చినా నోరు విప్పని ఆ పిల్లను అఆల గ్రూపులోకి పంపేయమని హెడ్మాస్టరు ఆదినారాయణ పోరుతున్నాడు. అంజుమ్ కూడా సరేననేలా ఉంది. రుజువు కోసం ఫోన్ కిటికీలో పెట్టి పాఠమంతా రికార్డు చేసింది.

ఇంటికెళ్లి ఉల్లిగడ్డలు కోస్తూ విన్నది. భర్త ఖాలిద్ కుట్టుమిషను ఆపాడు.

“క్లాసుల పిల్లలున్నరా అంజుమ్, నువ్వొక్కదానివే ఉన్నవా?”

ఆమెకు ఒళ్లు మండింది. కానీ ఫోన్‌లో ప్రశ్న తనదే, ఊపిరి తీసేలోపు జవాబూ తనదే. “సంగీతా, నువ్వు చెప్పు” అన్న నోటితోనే “సరే, కూర్చో” అనేసింది. చిన్నప్పుడు ఉర్దూ తప్ప రాని తను తెలుగు మాటలు కూడబలుక్కునేదాకా ఓపిగ్గా కాచుకున్న టీచరు గుర్తొచ్చి చాలా సిగ్గేసింది.

మర్నాడు అడిగింది: “ఇప్పపువ్వు ఏరనీకి తెల్లారకముందే ఎందుకు పోతరు?”

అడిగి, కుర్చీలో కూర్చుని నోరు కట్టేసుకుంది. ఎవరూ పలకలేదు. ఇంకాసేపు ఆగింది. దీనికంటే అరవడమే నయమనిపించింది.

అంతలో ఆదినారాయణ గుమ్మంలోకి వచ్చాడు.

“ఏంది, సప్పుడే లేదు? టీచర్ రాలేదా?”

అంజుమ్ లేవబోయింది. ఆమెకంటే ముందు సంగీత లేచింది.

“వచ్చింది సార్. మేం చెప్పేదాక ఆగుతాంది. మీరు గూడ ఆగుండ్రి.”

అంజుమ్‌కు ఏడుపొచ్చినంత పనైంది. సంగీత టీచరు వైపు తిరిగి, సగం కోయలో సగం తెలుగులో, ఇప్పపువ్వు సంగతి మొదలుపెట్టింది. ఆదినారాయణ గుమ్మంలోనే ఆగిపోయాడు.