చివరి బిగింపు

రెండో బోల్టు కూడా కదలనంది. ఫిట్టరు కారు కిందినుంచి తల బయటపెట్టి, కళ్లలో రాలిన తుప్పు పొడిని మోచేత్తో తుడుచుకున్నాడు. ముప్పై ఒక్కేళ్లుగా బస్సు డిపోలో ఇలాంటివి వేలల్లో విప్పాడు. అవి పరాయి బండ్లవి కాబట్టి మాట విన్నట్టున్నాయి.

కారుకి ఇరవై రెండేళ్లు. ముందు చక్రాల దగ్గర కుదుపు మింగే రబ్బరు బుష్షులు అరిగి పిప్పయ్యాయి. షాకబ్జర్లు ఉన్న నూనె కాస్తా కక్కేసి చేతులెత్తేశాయి. డిపోలో ఊరందరి బస్సుల కుదుపులూ మాన్పినవాడికి ఇంట్లో బండి కుదుపు ఏనాడూ కనపడలేదు. పోయిన నెల ఆస్పత్రికి వెళ్తున్నప్పుడు కనపడింది. నడుము ఎముకల్లోకి రోగం పాకిన భార్య, గుంత వచ్చినప్పుడల్లా తువ్వాలు పళ్లతో కరిచిపట్టుకుంది. ఇంటికొచ్చాక ఒక్క మాటే అంది.

"రోగంతో పోతే పోతాగానీ, నీ బండితో పోనయ్యా."

ఇవాళ నాలుగింటికి మళ్లీ సూదిమందు. అందుకే సెలవు పెట్టి, ఇంటిముందు కారుని జాకీతో ఎత్తి, కింద దిమ్మలు పెట్టి దూరాడు.

"ఏమయ్యా, ఉన్నావా?" పక్కనే ఉన్న కిటికీలోంచి ఆమె గొంతు. మంచం కిటికీకి ఆనించే ఉంది.

"ఉన్నా."

"చప్పుడు లేదేం?"

"బోల్టు రావట్లేదు."

"అడిగి చూడు. నన్ను కసిరినట్టు కాకుండా, మెల్లిగా అడుగు."

మరదలు టీ గ్లాసు తెచ్చి బానెట్ మీద పెట్టింది. అక్కకి సాయంగా వచ్చి రెండు నెలలైంది. "బావా, అద్దె కారు పిలుద్దాం. అక్కకి పొద్దుట్నించీ ఆయాసంగా ఉంది."

"అద్దెవాడికి గుంతా ఒకటే, గట్టూ ఒకటే."

"ఈయనకేదో తేడా తెలిసినట్టు!" అంది కిటికీ.

కిరసనాయిలు పోసి, పానాకి ఇనప గొట్టం తొడిగి, ఒళ్లంతా దానిమీద వేలాడేశాడు. బోల్టు కీచుమని తిరిగింది. రెండు వేళ్ల కణుపుల దగ్గర తోలు లేచిపోయింది. పాత బుష్షు చేతిలోకి రాగానే నలిగి, నల్లటి పొడై రాలింది. ఇన్నాళ్లూ ఈ పొడి మీదే ఆమెను కూర్చోబెట్టి తిప్పాడు.

మూడయ్యేసరికి కొత్త బుష్షులు, కొత్త షాకబ్జర్లు ఎక్కాయి. కారు దిగి నేలమీద నిలబడింది. ఇక మిగిలింది చివరి బిగింపు. బుష్షు బోల్టులు గాల్లో బిగించకూడదు. బండి బరువు, కూర్చునే మనిషి బరువు పడ్డాకే బిగించాలి. లేకపోతే రబ్బరు మెలిపడి చిరుగుతుంది. డిపోలో ఆయనకది వేదం. పానాని బోల్టు తలకి తగిలించి వదిలేశాడు.

"నువ్వొచ్చి ముందు సీట్లో కూర్చుంటే బిగిస్తా," అన్నాడు కిటికీతో.

"అంటే నేను లేందే నీ పని తెమలదన్నమాట. ముప్పై ఏళ్లకి ఒప్పుకున్నావు."

"ఊఁ."

"నా బరువెంతుందని? తలగడంత."

"అది చాలు."

ఆమె నవ్వబోయింది. దగ్గొచ్చింది. "కాసేపు కన్నుమూస్తా. లేపు."

ఆయన సీటు మీద మెత్త పరిచాడు. బానెట్‌ని రెండరచేతులతో అదిమి వదిలాడు. కారు ఒక్కసారి కుంగి, ఒక్కసారి లేచి, బుద్ధిగా ఆగిపోయింది. ఆ సంగతి వెంటనే చెప్పాలనిపించింది. పడుకుంది కదా, పది నిమిషాలు పడుకోనీ అనుకుని, సబ్బుపొడితో చేతులు రుద్దుకున్నాడు.

"బావా."

మరదలు గుమ్మంలో నిలబడి ఉంది. అక్కకి తల దువ్వుదామని తెచ్చిన దువ్వెన చేతిలో ఉంది.

"ఒకసారి లోపలికి రా."

తడి చేతులతోనే వెళ్లాడు. మంచం పక్కన నిలబడి ఆ చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక, చాలాసేపు గాల్లోనే ఉంచుకున్నాడు.

సాయంత్రానికి వీధినిండా బంధువుల బండ్లు. కారు అడ్డమని ఎవరో తాళం అడిగారు.

"కదపకండి. ఇంకా బిగించలేదు," అన్నాడు.

ఎవరూ దాన్ని కదపలేదు. ముందు చక్రం వెనక, బోల్టు తలకి తగిలించిన పానా అలాగే వేలాడుతోంది.