ఆశ వద్దంది

మా అత్త గంగాలమ్మకు ఒకటే పట్టుదల. మనవరాలికి తన చేత్తోనే ముద్ద పెట్టాలి. నా కూతురు ఆశకు ఎనిమిదేళ్లు. ఆటిజం, మాటలు దాదాపు లేవు. పెట్టింది పెట్టినట్టు తినేస్తుంది. అది చూసుకుని, "నా సేతి ముద్దంటే దానికి పేనం" అని మా అత్త వాడంతా చెప్పుకునేది.

సీతమ్మధారలో ఆశ వెళ్లే స్పెషల్ స్కూల్లో రోజారమణి టీచర్ మాకు బొమ్మల కార్డులు ఇచ్చింది. నీళ్లకు గ్లాసు, అన్నానికి పళ్లెం, వద్దు అనడానికి ఎర్ర చెయ్యి. "పాప ఎర్ర చెయ్యి చూపిస్తే వెంటనే ఆపెయ్యండి. చూపించినా మీరు పట్టించుకోకపోతే మళ్లీ ఎందుకు చూపిస్తుంది?" అంది. అప్పట్నుంచీ నాకు అదే భయం. మా అత్త మాత్రం, "పిల్లకి పేకముక్కలిచ్చి పంపినారేటే?" అని నవ్వేసింది.

మొన్న ఆదివారం, బజార్లో తను అమ్మగా మిగిలిన చేపలతో అత్త పులుసు పెట్టింది. ముళ్లు తీసి, ముద్ద చేసి ఆశ నోటి దగ్గర పెట్టింది. ఆశ ఎర్ర చెయ్యి కార్డు తీసి ఆమె ముంజేతికి ఆనించింది.

నేను గబుక్కున అడ్డుపడ్డాను. "అత్తా, ఆగు! అది వద్దంటంది!"

"ఏటి వద్దంట? పులుసా, అన్నమా?"

నాకు మాత్రం ఏం తెలుసు? చేపలు పక్కన పెట్టి పప్పు కలపమన్నాను. మళ్లీ కార్డే. ఆకలి లేదేమోనని పళ్లెం తీయబోతే ఆశ రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. అన్నం కావాలి, ముద్ద వద్దు. ఇదేం తిరకాసో అర్థంకాక ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం.

అత్త విసుగెత్తి ముద్దను పళ్లెంలో పడేసింది. ఆశ ఆ ముద్దే తీసుకుని నోట్లో పెట్టుకుంది. సగం ఒళ్లో పోసుకుంది. మళ్లీ తీసుకుంది.

దీనికి మాట రావాలని నేను మొక్కని దేవుడు లేడు. ఇప్పుడు వచ్చింది. ఎగిరి గంతెయ్యాలో, అత్త మొహం చూసి ఏడవాలో తెలియలేదు.

"నా సెయ్యే వద్దంటందా రాధా? ఇన్నేళ్లూ ఇట్టం లేకే తిన్నాదా?"

నేనూ అలాగే పెట్టాను కదా.

ఇంతలో ఆశ ఒక చేప ముక్కను అత్త ముందుకు తోసింది. అత్త ముళ్లు తీసింది. అలవాటుగా ఆ చెయ్యి ఆశ నోటిదాకా వెళ్లింది. ఆశ కార్డు అందుకుంది. అత్త చెయ్యి ఆగింది. మెల్లగా దిగి, ముక్కను పళ్లెంలో పెట్టింది.

"నువ్వే తినమ్మా," అంది కళ్లు తుడుచుకుంటూ. "నాను సూత్తాను."