సీసా మీద అతుకు గీత

“పాసయింది, ప్రసూనా!” అని మా మేనేజరు డెస్మండ్ సీసాలు కదిలే లైనుకి అవతల నుంచే అరిచాడు. సీసాల మోతలో సగమే వినిపించినా ఆయన ఎర్రటి ముఖంలో నవ్వు చూసి సంగతి అర్థమైంది. పరీక్షలో చీలిన సీసాలన్నిటినీ నేను సెట్ చేసిన కెమెరా పట్టుకుంది. మంచివాటిలో ఒక్కదాన్నీ పక్కకు తోసెయ్యలేదు. దగ్గరికొచ్చి చెయ్యి కలిపి, “బ్రహ్మాండంగా చేశావు, రేపటితో నీ కాంట్రాక్టు పూర్తి” అన్నాడు. నాకు మొదటి మాటే వినిపించింది.

కాకినాడలో ఎలక్ట్రానిక్స్ చదివి, తరుణ్‌ని పెళ్లి చేసుకుని డర్బన్ వచ్చి అప్పటికి ఏడాది నిండలేదు. ఈ దేశంలో తెల్లా నల్లా తేడా లేకుండా అందరూ ఒకే వరసలో నిలబడి ఓటు వేసి రెండేళ్లయింది. పేపర్లో ‘కొత్త’ అనే మాట లేని రోజు ఉండేది కాదు. నాకూ అన్నీ కొత్తే. కొత్త కుక్కరు, కొత్త మంగళసూత్రం, ప్రాస్పెక్టన్‌లోని జామ్ సీసాల ఫ్యాక్టరీలో నా పేరు రాసిన కొత్త బ్యాడ్జీ. ఇసిపింగోలో, తాతల కాలంలోనే ఇక్కడికొచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం, రమణమ్మ ఆంటీ వాళ్ల ఇంటి వెనక గదిలో అద్దెకుండేవాళ్లం. ఆ ఫ్యాక్టరీలో లైటు బల్ల ముందు కూర్చుని కదిలిపోయే సీసాల్ని కళ్లతో చూసి, చీలినవి ఏరేసే ఆరుగురు ఆడవాళ్లలో ఆంటీ ఒకరు. కెమెరా పనికి మనిషి కావాలట అని నాకు చెప్పింది కూడా ఆవిడే.

ఆ కెమెరాతో నేను పడిన తంటాలు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. సీసా పోసే అచ్చులో రెండు సగాలు కలిసే చోట ప్రతి సీసాకీ ఒక అతుకు గీత ఉంటుంది. కెమెరా దాన్నే పగులనుకుని మంచి సీసాలన్నిటినీ తోసేసేది. షట్టరు వేగం పెంచితే బొమ్మ చీకటైపోతుంది, బొమ్మని వెలిగించే గెయిన్ పెంచితే తెరంతా ఇసక జల్లినట్టవుతుంది. చివరికి వంటింట్లోంచి బటర్ పేపర్ తెచ్చి లైటుకి అడ్డం పెట్టాను. వెలుగు మెత్తబడింది. గెయిన్ కాస్త తగ్గించాను. అతుకు గీత మాయమై, నిజమైన పగులొక్కటే నల్లగా వెంట్రుకలా కనిపించింది. ఎగిరి గంతేశాను. పోల్చి చూసుకోవడానికి ప్రతి రకం పగిలిన సీసా నాకు ఏరి ఇచ్చింది ఆంటీ వాళ్లే. “వాళ్ల కళ్లకి శ్రమ తగ్గుతుంది” అని డెస్మండ్ చెప్తే నమ్మాను.

తరుణ్ మాత్రం, “కెమెరా సెట్ చెయ్యడమంటే ఏముంది ప్రసూ, టీవీలో రంగులు సరిచెయ్యడమేగా” అనేవాడు. ఉతికిన చొక్కా కాలరు ట్యూబులైటుకి పట్టి చూసి, “ఇక్కడ మరక పోలేదు చూడు” అనేవాడు. మా ఇంట్లోనూ ఒక ఇన్‌స్పెక్టరున్నాడని ముద్దుగా నవ్వుకునేదాన్ని. నవ్వుకుని మళ్లీ ఉతికేదాన్ని.

ఆ సాయంత్రం దార్లో రవ్వ, జీడిపప్పు కొని, కేసరి చేసి, వేడి వేడి గిన్నె పట్టుకుని ముందింటికి పరిగెత్తాను. రమణమ్మ ఆంటీ యూనిఫాం కూడా మార్చుకోకుండా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. “నోరు తీపి చేసుకోండి ఆంటీ, మన కెమెరా పాసయింది!” అన్నాను. ఆంటీ చెంచాతో తీసుకుని నెమ్మదిగా తింది.

“నైస్‌గ ఉంది అమ్మీ. నెయ్యి బాగ ఏసినవ్.” చెంచా కింద పెట్టింది. “మండే నుంచి మాకు రావద్దని చెప్పేసినారు. ఆరు మందికి.”

గిన్నె ఇంకా నా చేతిలోనే ఉంది. వేళ్లు కాలుతున్నా కింద పెట్టాలని తోచలేదు.

“షిఫ్టుకి ఒక మనిషి చాలంట. బాటిల్ మారితే కెమెరా మల్ల సెట్ చేసేది. బయట నుంచి బాయ్స్ వస్తారంట. ఆ పని మాకు ఇమ్మని మాతోటి చేసే గంగమ్మ అడిగింది. మీలో నేర్చినోళ్లు ఎవరుండారు అని డెస్మండ్ నవ్వినాడు.”

“నాకు తెలీదు ఆంటీ.”

“నీకేమి తెలుస్తది? నువ్వు చిన్న పిల్ల. తీపి తెచ్చినవ్, తిన్నను.”

ముందు గదిలోంచి ఆంటీ భర్త యెల్లప్ప అంకుల్ గొంతు వచ్చింది. “మంచిదే కదా! ఇరవై ఏండ్లు చేసినవ్. ఇంట్ల రెస్ట్ తీస్కో. టీ పెట్టు.”

ఆంటీ లేచి కెటిల్‌లో నీళ్లు పోసింది. నాకు మాత్రమే వినపడేలా, “ఇంట్ల ఎవరికి ఉండాది అమ్మీ రెస్టు?” అంది.

మా గదికి వచ్చేసరికి తరుణ్ కేసరి తింటున్నాడు. అంతా చెప్పాను. పాపం అన్నాడు. ఆ మాట మనసారానే అన్నాడు. “అయినా ఎంతకాలం చేస్తారు ఆ పని? ఇంట్లో హాయిగా ఉంటారు. నీకూ రేపటితో అయిపోతుందిగా, నువ్వూ హాయిగా ఉండొచ్చు. రోజూ ఇలా వేడి వేడిగా ఏదో ఒకటి చేసిపెట్టు.” ప్రేమగా జడ లాగి నవ్వాడు. రోజూ ఆ నవ్వుకే కరిగిపోయేదాన్ని. ఆ వేళ మాత్రం నాకు కళ్ల ముందు లైటు బల్ల ఖాళీగా కనిపించింది. దాని ముందు ఆరు కుర్చీలు. పక్కన ఏడోది, నాది. ఎవరినీ ఎవరూ తోసేసినట్టుండదు. అందరినీ హాయిగా ఉండమని ఇంటికి పంపిస్తారు, అంతే. నేను అంత మురిసిపోతూ ఆ యంత్రానికి నేర్పింది ఆంటీ చూపే. ఇక ఆంటీ అక్కర్లేదు. నేర్పడం పూర్తయింది కాబట్టి నేనూ అక్కర్లేదు. సింకులో గిన్నెలు తోముతుంటే కన్నీళ్లు ఆగలేదు. “ఉల్లిపాయలా?” అని వెనక నుంచి అడిగాడు తరుణ్. సింకులో గిన్నెలే ఉన్నాయి, ఒక్క ఉల్లిపాయ కూడా లేదు.

చేతులు తుడుచుకుని మళ్లీ ముందింటికి వెళ్లాను.

“ఆంటీ, కెమెరా సెట్టింగులుండే పెట్టె తాళంచెవి రేపు మధ్యాహ్నం దాకా నా దగ్గరే ఉంటుంది. గంగమ్మ గారికీ మిగతావాళ్లకీ ఫోన్ చెయ్యండి. పొద్దుటి షిఫ్టుకి గంట ముందే అందరూ రావాలి. డెస్మండ్ వచ్చేసరికి మీ ఆరుగురూ ఆ కెమెరా సెట్టింగు చెడగొట్టి మళ్లీ సరిచెయ్యగలగాలి. ఆయన కళ్ల ముందే చేసి చూపించాలి. నేర్చినవాళ్లు ఎవరున్నారని అప్పుడు నవ్వలేరు.”

“అది మెషీన్ అమ్మీ. నేను స్కూల్‌కి ఎంత పోయిన?”

“టీవీలో రంగులు సరిచెయ్యడమే ఆంటీ. మీ ఇంట్లో రోజూ చేసేది ఎవరు?”

ఆంటీ ముందు గదిలోకి చూసింది. టీవీ ముందు అంకుల్ కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఆవిడ పెదవి చివర చిన్న నవ్వు మెరిసి ఆరిపోయింది.

“మూడు షిఫ్టులే కదా. మేము ఆరు మంది. మిగతా ముగ్గురు?”

అడుగుతూనే ఆంటీ ఫోను దగ్గరికి నడిచి గంగమ్మ గారి నంబరు తిప్పసాగింది.

గదికి తిరిగొచ్చాను. తరుణ్ మర్నాటి చొక్కా ట్యూబులైటుకి పట్టి చూస్తున్నాడు.

“ఏమండీ, రేపు నేను ఐదింటికే వెళ్తున్నాను. టిఫిను మీరే చేసుకోండి. ఆ కాలరు కూడా మీరే ఉతుక్కోండి.”