దిండు కింద ఇనుము

నేను ఒక ఇనుప మంచాన్ని. నా మీద చావు నేరం మోపినవాడు గంగుల ఎల్లయ్య మేస్త్రీ. పేరు ముందే చెప్పేస్తున్నా. తుప్పు పట్టాక మొహమాటం దేనికి?

గల్ఫ్‌లో ఒక కూలీల క్యాంపు మాది. నాకు రెండు పడకలు. కింద జగిత్యాల వైపు పోశాలు, పైన అతని బావమరిది లస్మన్న. పగలంతా ఎండలో స్లాబులకు ఇనుప చువ్వలు కట్టి, వచ్చి నా మీద కూలబడేవారు. గదిలో ఏసీకి చప్పుడెక్కువ, చల్లదనం తక్కువ.

నిద్రలోనే పోయిన కుర్రాళ్లు ఆ క్యాంపులో అంతకుముందూ ఉన్నారు. అందుకే దెయ్యం గాలి సోకకుండా అందరూ దిండు కింద ఇనుప ముక్క పెట్టుకునేవారు. నిలువెల్లా ఇనుమునైన నా మీద పడుకుని ఇంకో ముక్క కోసం వెతుక్కునేవారు! నవ్వాపుకోలేక కిర్రుమనేదాన్ని. దానికీ భయపడేవారు.

ఒక తెల్లవారుజామున "బావా, లే, బస్సొచ్చింది" అంటూ లస్మన్న కిందికి దూకాడు. పోశాలు లేవలేదు. ముప్పై ఏళ్లు నిండలేదు. దిండు కింద చువ్వ ముక్క మాత్రం భద్రంగా ఉంది.

"నిన్న ఎండల కండ్లు తిరిగి పడ్డడు. నీడకు పోత అంటే నువ్వే పోనియ్యలే మేస్త్రీ! గదే రాయించు, పిల్లలకు పైసలన్న వస్తయ్" అని ఏడ్చాడు లస్మన్న.

"ఎండ అందరికి కొట్టింది గద తమ్మీ, ఈడొక్కడే ఎట్ల పోయిండు? మంచం మంచిది కాదు. ఇంతకుముందు గూడ ఒకడు దీని మీదనే పోయిండు."

పచ్చి అబద్ధం. కానీ గదిలో అందరూ ఎండను మరిచి నన్ను చూశారు. ఎల్లయ్య ఒక కాగితం చాపాడు. నిద్రలో సహజ మరణమట.

"సాక్షి సంతకం పెట్టు. ఇయ్యాల్నే వేరే మంచం ఇప్పిస్త. లేకుంటే దీని మీదనే పండు."

లస్మన్న నన్నొకసారి చూసి సంతకం పెట్టాడు. నన్ను బయటికి ఈడ్చి తిరగేశారు, కాళ్లకు నిమ్మకాయలు కట్టారు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, ఇంకెక్కడా నీడ దొరక్క, లస్మన్న నా పక్కనే ముడుచుకు కూర్చుని ఊరికి ఫోన్ చేశాడు. హంతకురాలి నీడ చల్లగానే ఉంది మరి.

"అక్కా, కంపెనీ ఏమన్న ఇచ్చిందా?"

"మామూలు సావుకు ఏమియ్యరట తమ్మీ. వీసాకు తనిచ్చిన అప్పు కింద ఎల్లయ్య మనిషిని పంపి భూమి రాయించుకున్నడు."

"ఎంత?"

"ఉన్నదే గంత గదరా. ఎకరం పన్నెండు గుంటలు."