పప్పు సంచి, నూనె డబ్బా

మోకాలి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి సైదమ్మ కాలు భర్త బండి సీటు ఎక్కేంత పైకి లేవడం లేదు. చంపాపేట్ మార్కెట్‌కు అంతయ్య బండి మీద, ఆమె వెనకాల ఆటోలో. విడివిడిగా వెళ్లడం ఆమెకు దిగులుగా ఉండేది.

ఆదివారం పొద్దున అంతయ్య వాకిట్లో బండి విప్పేశాడు. ఇంజన్‌ని ఆమె పీట మీద పెట్టాడు.

"మన్సూరాబాద్‌ల మెకానిక్‌లే లేరా? ఫోన్ల జూసి బండి విప్పుతరా ఏందయ్యా?"

"వెనక బోల్టు తుప్పువట్టింది. ఇంజన్ దించకుంటే చెయ్యి పోతలేదు."

సాయంత్రానికి బండికి వెనక పొట్టి షాక్ అబ్జార్బర్లు పడ్డాయి. సీటు బెత్తెడు కిందికి దిగింది. ఇదంతా తన కోసమేనని సైదమ్మకు అప్పుడు అర్థమైంది.

అంతయ్య పాతిక కిలోల బియ్యం సంచులు రెండు తెచ్చి వెనక సీటు మీద తాడుతో కట్టాడు.

"గివెందుకు?"

"నువ్వు కూసుంటే టైరు మడ్‌గార్డుకు తగుల్తదేమో చూస్తున్న. యాభై కిలోలే ఉన్ననంటివి గద."

ఆ మాట అన్నది నిజమే. అదే లెక్కతో స్ప్రింగులు బిగిస్తే మొదటి గుంతలోనే టైరు రాసుకుంటుంది, మళ్లీ ఆటోనే గతి. సైదమ్మ కొంగు సర్దుకుంది.

"లోపల పప్పు సంచుంది. అది గూడ పెట్టు."

అంతయ్య తెచ్చి పెట్టాడు.

"నూనె డబ్బా గూడ."

అంతయ్య ఆమె వైపు చూశాడు, నవ్వలేదు. డబ్బా కూడా కట్టి, వంగి, స్ప్రింగులను ఇంకాస్త బిగించాడు.