వైరు పీకకముందు

పీకు జనార్దనూ, పీకు, నీ చేత్తోనే ఆ వైరు పీకు, ఇయ్యాల నీ ఇజ్జత్ ఎట్ల పోతదో ఈ కుర్చీల కూసొని కండ్లనిండ సూస్త, హైదరాబాద్ కంపెనీ మేడం ముందటి వరుసల కూసున్నది, మా బ్యాచ్‌ల ఒక్కరికే నౌకరి ఇచ్చి పోతదట, అందుకే సూర్యాపేటల ఈ కోచింగ్ సెంటర్‌కు ఎన్నడు లేంది రంగు కాయితాలు, ఏసీ, సమోసలు, నేనైతే పొద్దుగాల మాడుగులపల్లి కాడ బస్సు ఎక్కిన కాన్నుంచి నీళ్ళు గూడ తాగలే, జనార్దన్ మేడంకు చెప్తుండు, ఈ అయిదు కంప్యూటర్లు కలిసి ఒక్కటే మేడం, దీన్నే క్లస్టర్ అంటం, ఒక్కో డాటా ముక్క మూడు కంప్యూటర్లల్ల ఉంటది, ఒకటి సచ్చినా డాటా సావది, ఇప్పుడు ఒకదాని వైరు పీకి సూపెడత, నేనే కట్టిన, థూ, నేనే కట్టిన అంట, నీ నోట్ల మన్నువడ, సెలవుల్ల అందరు ఇండ్లకు పోతే వేళ్ళు కమిలేదాక ఆ వైర్లన్ని గుచ్చింది ఎవరు, కూలినప్పుడల్ల మళ్ల నిలబెట్టింది ఎవరు, నువ్వు వచ్చి సెల్ఫీ దిగినవ్, గంతే.

ఆ దినం మా అమ్మ పుష్పాబాయి ఫోన్ జేసింది, లంబాడిలనే మాట్లాడిన, అమ్మతోని ఇంకేం మాట్లాడతరు, వీడు క్లాసంత వినేటట్టు, తండా భాష సర్వర్లకు ఎక్కదు కావ్యా, పోయి పత్తి ఏరుకోరాదు అన్నడు, అందరు నవ్విండ్రు, సారు గూడ మూతి తుడుసుకుంట నవ్విండు, నేను ఫోన్ పెట్టేసిన, గప్పటిసంది నోరు మూసుకొనే ఉన్న, మా బ్యాచ్‌ల కోదాడ స్వర్ణ ఇప్పుడు గూడ పక్కన కూసొని చెవుల గొణుగుతున్నది, ఊరుకోవే, గొడవలెందుకు, జనార్దన్ వాళ్ళ నాన్నకి మిర్యాలగూడలో రెండు రైసు మిల్లులున్నాయి, మనమేం చేస్తాం చెప్పు, ఏం జెయ్యద్దు స్వర్ణా, అదే గద మజా, వాని గొయ్యి వాడే తవ్వుకున్నడు, నిన్న డిస్కులు నిండుతున్నయని, తీసేసిన ఫైళ్ళ చెత్త ఊడిస్తే జాగైతదని ఎర్కలేక, మూడు కాపీలను ఒక్కటి జేసిండు, మిల్లోల్ల కొడుకు గద, ఒక్క బస్తకు మూడు గోదాములు దండుగ అనుకున్నడు, పొద్దున తెర మీద ఒక్కటే కాపీ సూసి నా గుండె ఝల్లుమన్నది, ఎనక సల్లగైంది, వాడు పీకే కంప్యూటర్‌ల ఉన్న ముక్కలు ఇంకేడ లేవు, ఇప్పుడు వైరు పీకంగనే ఫైలు తెర్సుకోదు, మేడం ముందట, అందరి ముందట, అప్పుడు నవ్వుండ్రి ఇగ.

ఫైలు తెర్సుకోకుంటే వాడేమంటడు, అయ్యో, ఏమంటడో నాకెర్క లేదా, మేడం, ఇది కావ్య కట్టింది అంటడు, అంటడు, అనకుండ ఉంటడా, నిలబడితే వాంది, కూలితే నాది, సారు గూడ తలకాయ ఊపుతడు, ఇన్ని దినాలు పండ్లు కొరుక్కుంట దాసుకున్న పగ గిట్ల నా నెత్తిమీదనే పడేటట్టున్నది, వాడు ఇంక చెప్తనే ఉన్నడు, ప్రతి కంప్యూటర్ జరసేపటికోసారి నేనున్న అని పెద్ద మిషన్‌కు చెప్తది మేడం, చెప్పకుంటే సచ్చినట్టే లెక్క, సచ్చినట్టే లెక్కనా, మా అమ్మోళ్ళు ఎత్తుగ పెరిగిన పత్తి చేన్ల ఒకలకొకలు కేకేసుకుంటరు, ఎవలన్న పలకకుంటే పామో ఏమో అని పని ఇడిసి ఎతుకుతరు, గీడ నన్నెవలు ఎతుకుతరు, వాడు వంగిండు, వైరు మీద చెయ్యేసిండు, స్వర్ణ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది, గుంజుకున్న, నేను కట్టింది కూలంగ సూసుడు పగెట్లయితది, లేచి నిలబడ్డ, ఆగు జనార్దన్, పీకకు, నిన్న నువ్వే మూడు కాపీలను ఒక్కటి జేసినవ్, మేడం, దీన్ని కట్టింది నేను, నా పేరు కావ్య, మాది తండా, మళ్ల మూడు కాపీలు జెయ్యమనుండ్రి మేడం, వాడు జేస్తడో నేను జేస్తనో గీడనే కూసొని సూడుండ్రి.